కల్లం కాడ కారవాన్: ఒక రాత్రికి చోటిద్దాం, భూమి ఇయ్యొద్దు



పోయిన వీడియోల మా కల్లంల ఆగిన రెండు బండ్లను చూసిండ్రు కదా. ఒకటి హైదరాబాద్ నుంచి వచ్చిన టెంపో ట్రావెలర్. లోపల మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్ అన్నీ అమర్చుకున్నరు. ఇంకోటి నాగపూర్ నుంచి వచ్చిన జీపు, దాని కప్పు మీద మడతపెట్టే గుడారం. ఆ వీడియో చూసినంక మస్తు ఫోన్లు వచ్చినయి. కొందరు "మేం కూడ ఇట్ల చోటు ఇయ్యొచ్చా? ఎంత తీసుకోవాలె?" అని అడిగిండ్రు. ఇంకొందరు "ప్రకృతి వ్యవసాయం చేసెటోనికి ఈ టూరిజం యవ్వారం ఎందుకు తమ్మీ?" అన్నరు. అందరికీ కలిపి ఒక్కతాన రాస్తున్న.

నా అభిప్రాయం ముందే చెప్తున్న. ఇండ్ల తీరు బండ్లేసుకొని తిరిగెటోళ్లకు మన పొలం కాడ ఒక రాత్రికి చోటు ఇయ్యాలె. దానికి పైసలు తీసుకోవాలె. కానీ ఆ పేరు మీద ఒక్క గుంట భూమి కూడ రిసార్టుకో, ఫామ్ ప్లాటుకో ఇయ్యొద్దు. ఎందుకంటున్నన్నో ఒక్కొక్కటిగా చెప్త.

ఇది మనకు కొత్త కాదు

కారవాన్ అనంగనే అమెరికా ముచ్చట అనుకుంటం. మన తాతల కాలంల జాతరకు పోతే ఎట్ల పోయిండ్రు? కచ్చురం కట్టుకొని, బియ్యం, పప్పు, గిన్నెలు, ఎడ్లకు గడ్డి వేసుకొని పోయిండ్రు. చెట్టు కింద ఎడ్లను ఇడిచి, మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండుకొని, అక్కడనే పండుకున్నరు. బండే ఇల్లు.

గోదావరి అవతల ఆదిలాబాద్ జిల్లాల ఈ తీరు ఇప్పటికీ బతికే ఉంది. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌ల పుష్య అమావాస్య రాత్రి నాగోబా జాతర మొదలైతది. దానికి ముందు మెస్రం వంశం గోండులు జన్నారం మండలంల ఉన్న హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి జలం తెస్తరు. కుటుంబాలు ఎడ్లబండ్ల మీద వచ్చి కేస్లాపూర్‌ల మర్రిచెట్ల కింద బస చేస్తయి. అంతమంది ఉన్నా 22 పొయ్యిల మీదనే వంతులవారీగా వండుకుంటరు. మందిని చూసి పొయ్యిలు పెంచరు. బయట బస చేసే కట్టుబాటు నేర్చుకోవాలంటే ఫారిన్ వీడియోలు చూసే పని లేదు, పుష్య మాసంల కేస్లాపూర్ పోయి చూస్తే చాలు.

ఇంక మన రైతులకు బాగా ఎరుకైన సంగతి ఒకటుంది, గొర్ల మంద. వరి కోసినంక గొల్లకుర్మ అన్నలు మందను తోలుకొస్తరు. మనం మన మడిల రాత్రికి ఆపుకుంటం. వాళ్లకు తిండి పెడుతం, వడ్లో పైసలో ఇస్తం. పొద్దుగాల మంద పోతది, పెంట, మూత్రం మన మడిల ఉంటయి. తిరిగెటోనికి, భూమి ఉన్నోనికి నడుమ ఇంతకంటే సాఫ్ ఒప్పందం నేనైతే చూడలే. ఎవరు ఏం ఇస్తున్నరు, ఎన్ని రాత్రులు, ఏ మడి, అన్నీ ముందే మాట్లాడుకుంటరు. కారవాన్‌కు కూడ ఇదే లెక్క పెట్టుకుంటే సగం తలనొప్పులు రావు.

వీళ్లు ఏ దిక్కు పోతున్నరు, ఎక్కడ ఆగుతున్నరు

హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే 44వ నంబర్ హైవే ఆర్మూర్, నిర్మల్ మీదుగ పోతది. ఆర్మూర్‌ల 63వ నంబర్ హైవే ఎక్కితే గంట లోపల మెట్‌పల్లి. చలికాలం వచ్చిందంటే ఈ బండ్లు నేరడిగొండ మండలంల కుంటాల జలపాతం, బోథ్ దిక్కు పొచ్చెర, కడెం ప్రాజెక్టు, జన్నారం అడవి, జోడేఘాట్‌ల కొమురం భీం మ్యూజియం చూడనీకె పోతయి. వచ్చెటప్పుడో పోయెటప్పుడో ధర్మపురి, కొండగట్టు మొక్కుకుంటరు. దారి పొడుగునా చూడదగ్గవి మస్తున్నయి. రాత్రికి బండి ఆపుకునే జాగనే లేదు.

అడవిల ఆగనీకె లేదు. కవ్వాల్ 2012 నుంచి టైగర్ రిజర్వ్. అటవీ శాఖ అనుమతి లేకుండ అక్కడ గుడారం వేసుడు, మంట పెట్టుడు నేరం, నేరం కావాల్సిందే కూడ. ఎండిన టేకాకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే ఏమైతదో అడవి పక్కన ఎవుసం చేసే అన్నలను అడుగుండ్రి. ఇంక మిగిలేటియి పెట్రోల్ బంకు, దాబా, లాడ్జి ముందట రోడ్డు. ఆడోళ్లు, పిల్లలు ఉన్న కుటుంబం లారీల నడుమ రాత్రంత కండ్లు మూయకుండ కూర్చుంటది. లేకపోతే చెరువు కట్ట మీదనో, వాగు ఒడ్డుకో ఎవ్వరికీ చెప్పకుండ ఆపుకుంటరు. అట్ల ఆపుకున్న జాగలల్ల పొద్దుగాల ఏముంటదో మీకు తెలుసు. బీరు సీసాల పెంకులు, ప్లాస్టిక్ పళ్లాలు, చిప్స్ కవర్లు. అందరూ అట్ల చేస్తరని అంటలేను. కానీ అడిగెటోడు లేని జాగల చెత్త ఎక్కువైతది. ఎవరో ఒకరు ఇంటాయన ఉండి "ఇది నా భూమి, ఇట్ల ఉండాలె" అని చెప్పిన జాగల మనుషులు పద్ధతిగ ఉంటరు. అందుకే వాగు ఒడ్డుకంటే రైతు కల్లం నయం అంటున్న.

ఫామ్ ప్లాటు కంటే చక్రాల చుట్టం మేలు

అసలు ఈ పోస్టు రాయనీకె కారణం ఇది. పట్నపోళ్లకు పల్లె మీద ప్రేమ పుట్టింది, మంచిదే. ఆ ప్రేమను కొందరు గుంటల లెక్కన అమ్ముతున్నరు. మామిడి తోటను ముక్కలు చేసి, నడుమ రోడ్డు తీసి, గేటు పెట్టి, ఫామ్ ల్యాండ్ అని బోర్డు కడుతున్నరు. కొన్నాయన ఏడాదికి నాలుగు సార్లు వస్తడు. మిగతా దినాలు తాళం, ముండ్లకంప. పక్క రైతు ట్రాక్టర్ పోయే బాట బంద్ అయితది. నీళ్ల కాలువ మూసుకపోతది. ఆ భూమి మళ్ల ఎవుసంలకు రాదు.

మా మామిడి తోట పక్కన రెండు ఎకరాలు లీజుకు ఇయ్యుమని ఒక కంపెనీ మనుషులు నా దగ్గరికి కూడ వచ్చిండ్రు. కాటేజీలు కడుతరట, ఈతకొలను కడుతరట. ఆర్గానిక్ అనే పేరు నాది కావాలె, మిగతా అంత వాళ్లది. ఏడెనిమిది ఏండ్లు ఘనజీవామృతం వేసి, ఆకులు కప్పి, వానపాములు పైకి వచ్చిన మన్ను అది. దాని మీద సిమెంట్ పోస్తే మళ్ల ఎన్నేండ్లు పడతది? నేను ఇయ్యలే.

కారవాన్ సంగతి వేరే. సాయంత్రం వస్తది, పొద్దుగాల పోతది. దానికి గోడ అక్కర్లే, స్లాబ్ అక్కర్లే. తీసుకొనేది గుంటకు తక్కువ జాగ, అది కూడ ఒక్క రాత్రికి. ఎల్లిపోయినంక ఆ భూమి భూమిగనే ఉంటది. పల్లెను చూడాలనుకునే పట్నపోళ్లను మనం ఆపలేం, ఆపాల్సిన పని కూడ లేదు. ఏ తీరుగ రావాలెనో మాత్రం మనం చెప్పొచ్చు. నన్ను అడిగితే చక్రాల మీద వచ్చి చక్రాల మీద పోవాలె.

పైసలు తీసుకుంటే తప్పా?

మా నాయిన అయితే ఒప్పుకోలే. "రాత్రికి వచ్చినోన్ని పండుకోనిచ్చి పైసలు అడుగుతరార" అన్నడు. ఆ మాటల విలువ ఉంది. కానీ దారి తప్పి వచ్చినోడు వేరు, ఫోన్ చేసి రోజు చెప్పి వచ్చినోడు వేరు. దారి తప్పినోనికి ఇయ్యాల కూడ బువ్వ పెడుతం, పైస అడగం. రోజు చెప్పి వచ్చినోని కోసం జాగ ఊడుస్తం, నీళ్లు పెడుతం, ఒక మనిషి రాత్రి ఎరుకతో ఉండాలె. దానికి ఖర్చుంది.

వేరే దేశాలల్ల దీన్ని రెండు మూడు తీర్ల చేస్తున్నరు. ఫ్రాన్స్‌ల ఫ్రాన్స్ పాసియోన్ అనే ఏర్పాటు 1990ల మొదట్ల నుంచి నడుస్తుంది. ద్రాక్ష తోటలోళ్లు, జున్ను చేసే రైతులు బండ్లకు 24 గంటలు ఉత్తగనే చోటిస్తరు. వచ్చినోళ్లు కొనాలనే జబర్దస్తి లేదు, కానీ ఇంటాయనను కలిసి పలకరించుడు మర్యాద. అమెరికాల హార్వెస్ట్ హోస్ట్స్ 2009ల మొదలైంది. తిరిగెటోళ్లు ఏడాదికింత అని కంపెనీకి కడుతరు, రైతు కాడ కొంత సరుకు కొంటరు. మన పక్క మహారాష్ట్ర 2020ల అగ్రి టూరిజం విధానం తెచ్చింది. కేరళ 2021ల కారవాన్ టూరిజం విధానం ప్రకటించి, 2022ల వాగమన్‌ల మొదటి కారవాన్ పార్కు తెరిచింది.

నాకు వీటిల ఏదీ ఉన్నదున్నట్టు మనకు సరిపోతదని అనిపిస్తలేదు. కేరళ తీరు పార్కు కట్టాలంటే పెట్టుబడి ఉన్నోడు కావాలె, అంటే మళ్ల రిసార్టు దారే. అమెరికా తీరు పోతే నడుమ కంపెనీకి పైసలు, రైతుకు సరుకు అమ్ముడు ఒక్కటే. ఫ్రాన్స్ తీరు ఉత్తగ ఇస్తే, మన ఊర్లల్ల ఉత్తగ వచ్చినదానికి విలువ తక్కువ. మందల లెక్కనే మంచిది. రాత్రికింత అని ముందే చెప్పాలె. నేను బండికి రూ. 500 తీసుకుంటున్న. నీళ్లు, మరుగుదొడ్డి, ఊడ్చిన జాగ దాంట్లనే. తిండి కావాలంటే వేరే, అది కూడ మా ఇంట్ల ఆ పూట వండిందే. సరుకు కొనాలని ఎవ్వరినీ అడగ. అడగకపోయినా చాలామంది పసుపో, పప్పో, దంపుడు బియ్యమో తీసుకొనే పోతున్నరు.

జాగ ఎట్లుండాలె

కల్లం ఎందుకంటున్నన్నో చెప్త. ఈ బండ్లు మూడు నాలుగు టన్నుల దాకా తూగుతయి. సాగు మడిలకు దింపితే మనం మెత్తగ చేసుకున్న మన్ను గట్టిపడుతది. నల్లరేగడిల అయితే చిన్న వాన పడ్డా చక్రం దిగబడి, ట్రాక్టర్ పెట్టి గుంజాల్సి వస్తది. కల్లం అప్పటికే గట్టి నేల, ట్రాక్టర్ బాట ఉంటది, ఏడాదిల ఎక్కువ దినాలు ఖాళీనే ఉంటది. పసుపు ఆరబోసే దినాలల్ల మాత్రం బండికి వేరే జాగ చూపాలె. డీజిల్ మరక, బండి దుమ్ము కొమ్ముల మీద పడొద్దు.

కొత్త మనుషులకు మన పొలాలల్ల రాత్రి పూట మూడు గండాలుంటయి.

ఒకటి కరెంటు తీగ. అడవి పందుల కోసం కొందరు తీగలకు కరెంటు పెడుతున్నరు. అది చట్టం ఒప్పుకోని పని, మనుషులు సచ్చిపోతున్న పని. మీ పొలంలనే కాదు, చుట్టుపక్కల ఎవరన్నా పెడుతున్నరంటే మీ కాడ ఎవ్వరినీ ఆపకుండ్రి. రాత్రి ఒంటికి రెంటికి లేచిన మనిషికి తీగ ఎక్కడుందో తెల్వదు.

రెండు, ఒరలు లేని వ్యవసాయ బావి. చుట్టూ గోడో కంచెనో లేకపోతే బండిని దాని దరిదాపుల పెట్టనియ్యొద్దు. పిల్లలు పరుగెత్తే దిక్కు అదే ఉంటది.

మూడు, పాములు. మనం కప్పే ఆకులల్ల, మక్క చొప్ప కుప్పలల్ల ఎలుకలుంటయి, వాటి వెనుక పాములొస్తయి. బండి చుట్టూ పది అడుగులు సాఫ్‌గ ఉండాలె. చెప్పులు లేకుండ, లైటు లేకుండ దిగొద్దని వచ్చినప్పుడే చెప్పాలె.

ఇంకో మాట. వచ్చినోళ్ల ఆధార్, బండి నంబర్ రాసుకోవాలె, పంచాయతీల ఒక మాట చెప్పి ఉంచాలె. విదేశీయులకు బస ఇచ్చినోళ్లు 24 గంటల్లోపు ఆన్‌లైన్ల వాళ్ల వివరాలు నింపాలె. మందు తాగి పాటలు పెట్టెటోళ్లకు మా కాడ చోటు లేదని ఫోన్లనే చెప్పేస్త. ఒక్కసారి ఊరు మొకం చిట్లించిందంటే ఈ పని మళ్ల నడవదు.

మంద ఎరువు వదిలింది, మరి బండి?

ప్రకృతి రైతుగ నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. గొర్ల మంద వదిలిపోయింది మన భూమికి బలం. కారవాన్ల మరుగుదొడ్డి డబ్బా ఉంటది. దాంట్ల వాసన రాకుండ నీలిరంగు మందు పోస్తరు. ఆ మందులల్ల కొన్నిట్ల ఫార్మాల్డిహైడ్ ఉంటది. సూక్ష్మజీవులను సంపుడే దాని పని. మనం పేడ, మూత్రం, బెల్లం, పిండి కలిపి జీవామృతంల ఏ ప్రాణులనైతే పెంచుతున్నమో వాటినే సంపే మందు అది. ఆ డబ్బా మన పొలంల, కాలువల, కంపోస్టు గుంతల ఎక్కడా ఒంపనియ్యొద్దు. రెండు గుంతల మరుగుదొడ్డిల కూడ ఒంపొద్దు, గుంతల కుళ్లుడు ఆగిపోతది. "మా కాడ ఉన్న మరుగుదొడ్డికి పోండ్రి, మీ డబ్బా మూత తెరవకుండ్రి" అని చెప్పాలె.

గిన్నెలు కడిగిన నీళ్లు కూడ చూసుకోవాలె. డిటర్జెంట్ సబ్బుల సోడియం మన్నును గట్టిపరుస్తది. మేం కుంకుడుకాయ రసం, బూడిద పెట్టినం. వాటితో కడిగిన నీళ్లు అరటి పాదులకు పోతయి. వాళ్ల సబ్బే వాడుకుంటమంటే ఆ నీళ్లు బకెట్ల పట్టి వేరే ఇంకుడు గుంతల పోయాలె.

చెత్తకు గల్ఫ్ నుంచి ఒక పద్ధతి నేర్చుకోవచ్చు. మెట్‌పల్లి, కోరుట్ల దిక్కు గల్ఫ్ పోయినోళ్లు లేని ఊరు దొరకదు. కువైట్‌ల పనిచేసినోళ్లకు తెలిసే ఉంటది, అక్కడ నవంబర్ నుంచి మార్చి దాకా ఎడారిల గుడారాలు వేసుకునే సీజన్. మున్సిపాలిటీ అనుమతి తీసుకోవాలె, డిపాజిట్ కట్టాలె. పోయెటప్పుడు జాగ సాఫ్ చేసి చూపిస్తేనే డిపాజిట్ వాపస్. నేను అదే పెట్టిన. వచ్చినప్పుడు ఇంకో రూ. 500 డిపాజిట్. పొద్దుగాల ఇద్దరం కలిసి జాగ చుట్టూ తిరుగుతం, తెచ్చిన ప్లాస్టిక్ వాళ్ల బండిలకు ఎక్కిందంటే పైసలు చేతిల పెడుత. ఇప్పటిదాకా ఒక్కరి డిపాజిట్ కూడ పట్టుకునే పని పడలే.

వచ్చినోళ్లు ఏం తీసుకపోతరు

సరుకు అమ్ముడే లాభం అనుకుంటే తక్కువ లెక్క అయితది. పసుపు ఉడకబెట్టే దినాలల్ల వచ్చినోళ్లు కొమ్ము తవ్వుడు చూస్తరు, నురుగు లేచి ఆ వాసన వచ్చేదాకా ఉడకబెట్టుడు చూస్తరు. రెండు వారాల దాకా ఎండబెట్టాలె, ఐదు క్వింటాళ్ల పచ్చి కొమ్ము ఎండితే దగ్గర దగ్గర ఒక్క క్వింటాల్ మిగులుతది, పంట మాత్రం తొమ్మిది నెలలది అని తెలుసుకున్నంక పొడి ధర ఎందుకంత అని ఎవ్వరూ అడగలే. సర్టిఫికెట్ కాయితం చేయలేని పని కండ్ల చూపు చేస్తది. పసుపు బోర్డు 2025 జనవరిల నిజామాబాద్‌ల మొదలైంది, మార్కెట్ మీద మనకు ఆశలున్నయి. అయినా మన పసుపు ఎట్ల పండిందో చూసిన మనిషి మనకు ఏ బోర్డూ తెచ్చియ్యలేని కొనుగోలుదారు.

ఒకరినొకరు కలుసుకునుడు ఇంకో లాభం. ఆ రాత్రి నాగపూర్ అన్న, హైదరాబాద్ కుటుంబం అంతకుముందు ఒకరికొకరు తెల్వదు. జొన్న రొట్టెలు తినుకుంట ఏ ఘాట్ల బండి ఎక్కుతది, ఎక్కడ రోడ్డు పాడైంది, ఏ ఊర్ల నీళ్లు మంచిగున్నయి అని మాట్లాడుకున్నరు. నాగపూర్ అన్న నారింజ తోట రైతు. చెట్ల మొదళ్లకు ఆయన ఆకులు కప్పే తీరు నాకు పనికొచ్చింది, మా పందుల బాధ ఆయనకూ ఉన్నదే. వ్యవసాయ డిప్లొమాల నేను చదివిన పుస్తకాలల్ల దొరకని సంగతులు ఒక్క రాత్రిల రెండు మూడు దొరికినయి. మనం ఎక్కువ తిరగలేం, బర్లు ఉంటయి, పాలు పిండాలె. తిరిగెటోళ్లు మన కాడికొస్తే లోకం కొంత మన కల్లంలకే వస్తది.

ఎక్కడ ఆగాలె

రెండు బండ్లకు మించి నేను తీసుకోను. మూడో ఫోన్ వస్తే పక్క ఊరి ప్రకృతి రైతు నంబర్ ఇస్త. పది బండ్లు ఆపితే అయిదు వేలు వస్తయి, నిజమే. అప్పుడు లైట్లు కావాలె, పనోళ్లు కావాలె, నేను పొలంల కాదు కౌంటర్ల కూర్చోవాలె. వారం దినాలు జీవామృతం కలపకుండ వదిలిపెట్టిన రైతు కాడికి ఏం చూడనీకె వస్తరు? 22 పొయ్యిల కట్టుబాటు గుర్తు పెట్టుకోవాలె.

అందుకే నా సూచన ఒక్కటే. మెట్‌పల్లి నుంచి గోదావరి దాటి ఖానాపూర్, కడెం, జన్నారం దాకా ప్రకృతి వ్యవసాయం చేసే పది పదిహేను మందిమి కలవాలె. ఒక్కొక్కరు ఒకటో రెండో బండ్లకే చోటు. అందరికీ ఒకే ధర, ఒకే డిపాజిట్, ఒకే పద్ధతులు. నడుమ కంపెనీ వద్దు, యాప్ వద్దు, ఒక వాట్సాప్ గ్రూపు చాలు. ఒకరి కాడ చెత్త చేసి పోయినోనికి ఇంకొకరి కాడ చోటు దొరకొద్దు. ఈ దసరా లోపల కూర్చుంటే చలికాలానికి తయారైతం. ఇష్టమున్నోళ్లు ముందుగాల మీ కల్లంకు బాట ఉందా, బావికి కంచె ఉందా, చుట్టుపక్కల కరెంటు తీగలున్నయా చూసుకొని ఫోన్ చేయుండ్రి. మిగతాది కూర్చొని మాట్లాడుకుందాం.